పాప నెలసరి మీద స్టడీ అంటున్నారు, సంతకం పెట్టాలా?

ప్రశ్న (కావలి దగ్గర పల్లె నుంచి ఒక అమ్మ రాసింది): మా పాపకు పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. పెద్దమనిషై ఏడాదిన్నర కావస్తోంది. ఒక్కోసారి రెండు నెలలకు గానీ రాదు. వస్తే తొమ్మిది పది రోజులు పోతూనే ఉంటుంది. మెట్లెక్కితే ఆయాసపడుతోంది. నెల్లూరులో ఒక ఆసుపత్రిలో చూపిస్తే, ఈ వయసు పిల్లల బ్లీడింగ్ మీద స్టడీ చేస్తున్నాం, ఒకసారి రక్తం తీస్తాం, ఆరు నెలలు ఒక కాగితం నింపాలి, సంతకం పెట్టండి అన్నారు. మా ఆయన "మన పిల్ల మీద ప్రయోగాలేంది" అంటున్నాడు. అత్తమ్మ రేపు సంబంధాలకు అడ్డం వస్తుందంటుంది. పాపేమో ఏమీ మాట్లాడదు. పెట్టాలా వద్దా?

అమ్మా, నేను నెల్లూరులో ఇరవై ఎనిమిదేళ్లుగా ఆడవాళ్ల డాక్టరుగా చేస్తున్నాను. అందులో చాలా ఏళ్లు, పరిశోధనలు పద్ధతిగా ఉన్నాయో లేదో చూసి అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీలో కూర్చుని ఇలాంటి ఫారాలే చదివాను, కొన్నిటిని వెనక్కి పంపాను. మీ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయి. పాపకు వైద్యం ఒకటి, స్టడీ ఒకటి. ముందు వాటిని విడదీసుకుందాం.

వైద్యం స్టడీ కోసం ఆగకూడదు. మీరు సంతకం పెట్టినా పెట్టకపోయినా పాపకు రేపే రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు రెండూ ఉండే మామూలు పరీక్షే, కావలిలోనే అయిపోతుంది. ఈ వయసు ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. 11కు లోపు వస్తే ఒక మోస్తరు రక్తహీనత, 8కి లోపు వస్తే తీవ్రమైనది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని రాశారు కాబట్టి తక్కువే ఉంటుందని నా అనుమానం. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం మాత్ర వేసుకుంటోంది కదా అని ఊరుకోకండి. అది రక్తం తగ్గకుండా చూసే మోతాదు. తగ్గిపోయిన రక్తాన్ని పూడ్చాలంటే రోజూ వేసుకోవాలి, అదీ కొన్ని నెలల పాటు. మాత్ర వేసుకున్నాక గంట రెండు గంటలు టీ, పాలు వద్దు. నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. ఎప్పుడైనా గంటకో ప్యాడ్ తడిసిపోతూ అలా రెండు గంటలు దాటినా, పాప లేవగానే కళ్లు తిరిగి కూలబడినా, తెల్లారేదాకా చూద్దామనుకోకండి. అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక పాపకు ఏమై ఉంటుంది? ఎక్కువమంది పిల్లల్లో ఇది శరీరం ఇంకా కుదురుకోకపోవడం వల్ల వచ్చేదే. పెద్దమనిషైన మొదటి రెండు మూడేళ్లు అండం ప్రతి నెలా విడుదల కాదు. అండం విడుదలైతేనే ప్రొజెస్టెరోన్ అనే హార్మోను వస్తుంది. గర్భసంచి లోపలి పొరను ఒక పద్ధతిలో నిలిపి, ఒక పద్ధతిలో రాల్చేది అదే. అది లేనప్పుడు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఆ పొరను పెంచుకుంటూ పోతుంది. పొర మందమై, ఒక రోజు ఇక నిలబడలేక ముక్కలు ముక్కలుగా రాలడం మొదలవుతుంది. రెండు నెలలకోసారి రావడం, వస్తే పది రోజులు ఆగకపోవడం ఒకే కారణం నుంచి పుట్టేవి. పెద్దమనిషైన మొదటి ఏడాది ఎలా వచ్చినా పెద్దగా పట్టించుకోం. ఆ తర్వాత మూడో ఏడు నిండేవరకు 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా సరే. రక్తస్రావం మాత్రం ఏడు రోజులు దాటకూడదు. మీ పాపకు రెండు హద్దులూ దాటాయి. భయపడాల్సింది కాదు గానీ చూపించాల్సిందే. తీసుకెళ్లి మంచి పని చేశారు.

అయితే కొంతమంది పిల్లల్లో కారణం గర్భసంచిలో ఉండదు, రక్తంలో ఉంటుంది. ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. ఫిన్లండ్‌కూ స్వీడన్‌కూ మధ్య ఓలండ్ అనే దీవులున్నాయి. అక్కడి నుంచి 1924లో అయిదేళ్ల పాపను హెల్సింకీలో ఎరిక్ ఫాన్ విల్లెబ్రాండ్ అనే డాక్టరు దగ్గరికి తెచ్చారు. చిన్న దెబ్బకే రక్తం ఆగేది కాదు. ఆయన ఆ కుటుంబం మొత్తాన్ని పరిశీలించి, ఇది అప్పటికి తెలిసిన, ఎక్కువగా మగపిల్లలకు వచ్చే హీమోఫీలియా కాదు, ఆడవాళ్లకూ వచ్చే వేరే జబ్బు అని 1926లో రాశాడు. ఆ జబ్బుకు ఇప్పుడు ఆయన పేరే ఉంది. ఆ పాప పదమూడేళ్లకు, పెద్దమనిషైన తర్వాత నాలుగో నెలసరిలో, రక్తం ఆగక చనిపోయింది. నేను ఎంబీబీఎస్‌లో ఈ జబ్బు పేరు కంఠతా పెట్టాను గానీ ఆ పిల్ల ఎలా పోయిందో ఎవరూ చెప్పలేదు. తెలిశాక, ఎక్కువ బ్లీడింగ్‌తో వచ్చిన ఏ పిల్లకూ "ఈ వయసులో మామూలేలే" అని ఒక్క ముక్కలో చెప్పి పంపలేకపోయాను.

నెలసరిలో ఎక్కువ రక్తం పోతోందని ఆసుపత్రికి వచ్చే ఈ వయసు పిల్లల్లో అయిదుగురికి ఒకరి దాకా ఏదో ఒక రక్తం గడ్డకట్టని లోపం ఉండవచ్చని అమెరికా గైనకాలజిస్టుల సంఘం అంటోంది. పాపకు చిన్నప్పుడు ముక్కు నుంచి రక్తం కారేదా? పన్ను పీకించినప్పుడు గంటల తరబడి ఆగలేదా? ఒంటి మీద ఊరికే నల్లగా కమిలిన మచ్చలు వస్తుంటాయా? మీకు గానీ మీ అమ్మకు గానీ, మీ ఆయన వైపు ఆడవాళ్లకు గానీ కాన్పులో రక్తం ఎక్కువ పోయిందా? ఈ నాలుగూ డాక్టరుకు తప్పకుండా చెప్పండి, అడగకపోయినా చెప్పండి. ఆ విల్లెబ్రాండ్ జబ్బు పరీక్ష ప్రతి ల్యాబులో సరిగా రాదు. మన వైపు నుంచి చాలామంది చెన్నై, వేలూరు వెళతారు. ఒకసారి నార్మల్ వచ్చినా, ఒంట్లో జ్వరమో టెన్షనో ఉన్నప్పుడు ఆ పరీక్షలో అంకె ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి మళ్లీ చేయించాల్సి రావచ్చు. మిమ్మల్ని చేరమంటున్న స్టడీలో ఈ పరీక్ష ఉందో లేదో అడగండి. ఉంటే మీ పాపకు నేరుగా పనికొచ్చే సమాచారం ఖర్చు లేకుండా వస్తుంది.

ఇక స్టడీ సంగతి. మీ ఆయన అన్న "ప్రయోగం" అనే మాటను నేను తీసిపారేయను. ఆ భయానికి కారణం మన రాష్ట్రంలోనే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నప్పుడు, 2009 జూలైలో, ఖమ్మం జిల్లాలో పదీ పద్నాలుగేళ్ల మధ్య ఆడపిల్లలు దాదాపు పద్నాలుగు వేలమందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ఒక స్టడీగా వేశారు. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. మధ్యలో నలుగురు పిల్లలు చనిపోయారన్న వార్త వచ్చాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ అనుమతి తీసుకున్న తీరు బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక ఇచ్చింది. పరిశీలించిన 9,543 ఫారాల్లో 2,763 మీద తల్లిదండ్రుల సంతకం లేదు. హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు పెట్టేశారు. 1,948 మీద వేలిముద్రలు. ఆ టీకా మంచిదే, ప్రపంచమంతా 2006 నుంచి వాడుతోంది. మీ పాపకు వేయించమని నేనే చెబుతాను. కానీ మంచి టీకా అయినంత మాత్రాన అడగకుండా వేయడం మంచి పని అయిపోదు. ఆ పిల్లల ఒళ్లు, ఆ తల్లిదండ్రుల మాట. వాళ్ల బదులు వార్డెన్ ఎలా పెడతాడు?

ఆ తర్వాత పద్ధతులు గట్టిపడ్డాయి. 2017లో భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, పిల్లల మీద చేసే పరిశోధనలకు విడిగా నియమాలు రాసింది. 2019లో కొత్త మందుల ప్రయోగాలకు చట్టపరమైన నిబంధనలు వచ్చాయి. వీటి ప్రకారం మీ పాపలాంటి వాళ్లకు ఏం జరగాలో చెబుతాను. తల్లి గానీ తండ్రి గానీ సంతకం పెట్టాలి. ముప్పు తక్కువగా ఉన్నా, పిల్లకు నేరుగా మేలు ఉన్నా ఒకరి సంతకం సాధారణంగా సరిపోతుంది. ముప్పు అంతకంటే ఎక్కువైతేనో, పిల్లకు మేలేమీ లేకపోతేనో ఇద్దరూ పెట్టాల్సి రావచ్చు. ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లల దగ్గర నోటిమాటగా ఒప్పుకోలు తీసుకోవాలి. పన్నెండు దాటితే పిల్ల తన చేత్తో రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. దీన్ని అసెంట్ అంటారు. పెద్దవాళ్ల సంతకం కింద అలంకారంగా పెట్టే వరుస కాదది. పాప వద్దంటే ఆ వద్దు అన్న మాటకు విలువ ఉంది. చేరాక రెండో నెలలో మానుకుంటానన్నా కారణం అడగకుండా వదిలేయాలి. మానుకున్నందుకు వైద్యంలో తేడా చూపించకూడదు.

మీరు ఆసుపత్రికి వెళ్లినప్పుడు మొట్టమొదట ఒకటి కనుక్కోండి: ఇది ఊరికే చూసి రాసుకునే స్టడీయా, మందు ఇచ్చి చూసే స్టడీయా? మీరు రాసినదాన్ని బట్టి మొదటి రకమే అనిపిస్తోంది. ఒకసారి రక్తం తీస్తారు, ఆరు నెలలు కాగితం నింపుతారు, అంతే. ఇందులో ముప్పు సూది గుచ్చినప్పటి నొప్పి, కొంత సమయం. అయిదు మిల్లీలీటర్లంటే ఒక టీ చెంచా. పాప నలభై రెండు కిలోలుంటే ఒంట్లో మూడు లీటర్లకు కాస్త తక్కువ రక్తం ఉంటుంది, అందులో ఒక చెంచా. ఇంతకంటే ఎక్కువ తన నెలసరిలో ఒక్క రోజులో పోతోంది. రెండో రకమైతే, అంటే పిల్లలను రెండు గుంపులు చేసి ఒక గుంపుకు ఒక మందు, ఇంకో గుంపుకు ఇంకో మందు ఇస్తే, అడగాల్సినవి పెరుగుతాయి. ఏ మందు, ఈ వయసు వాళ్లకు ఇంతకుముందు వాడారా, ఏ గుంపులో వేస్తారో ఎవరు నిర్ణయిస్తారు, మా పాపకు ఉత్తుత్తి మాత్ర వచ్చే అవకాశం ఉందా, ఏదైనా తేడా చేస్తే అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి? మందు ప్రయోగంలో పిల్లకు హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయించాలి, ఆ ప్రయోగం వల్లే జరిగిందని తేలితే నష్టపరిహారం కూడా ఇవ్వాలి. అది నిబంధన. మొహమాటపడకుండా అడగండి.

ఇంకో రెండు సంగతులు ఫారంలోనే చూసుకోవచ్చు. ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్నట్టు, ఆ కమిటీ వాళ్ల ఫోన్ నంబరు ఉండాలి. కమిటీలో డాక్టర్లు ఒక్కరే ఉండరు. మందు ప్రయోగాలను చూసే కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, చట్టం తెలిసినవాళ్లు ఒకరు, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి ఒకరు, కనీసం ఒక మహిళ ఉండి తీరాలి. మా కమిటీలో ఆ మామూలు మనిషి స్థానంలో ఉన్న రిటైర్డ్ టీచరమ్మ అడిగిన ప్రశ్నలే మాకందరికీ ఎక్కువ పనికొచ్చేవి. "ఈ మూడో పేజీ మా ఊళ్లో ఎవరికర్థమవుతుంది డాక్టరుగారూ?" అని ఆమె అడిగితే ఫారం తిరిగి రాయించాల్సి వచ్చేది. రెండోది సీటీఆర్ఐ నంబరు. దేశంలో జరిగే మందు ప్రయోగాలన్నిటినీ ఒక బహిరంగ పట్టికలో నమోదు చేయడం 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి. 2018 ఏప్రిల్ నుంచి మొదటి మనిషిని చేర్చుకోకముందే నమోదు కావాలి. ఊరికే చూసి రాసుకునే స్టడీలు కూడా చాలావరకు అందులో ఉంటాయి. ఆ నంబరుతో ఫోన్లో ఎవరైనా చూసుకోవచ్చు. చదువుకున్న పిల్లలు మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉంటే చూపించమనండి. స్టడీ కోసం చేసే పరీక్షలకు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. కావలి నుంచి నెల్లూరు రానుపోను బస్సు చార్జీలు ఇస్తారా అని అడగడం కూడా తప్పు కాదు.

మీ అత్తమ్మ భయం గురించి. సంబంధాలకు అడ్డమనడంలో ఆమెకు రెండు భయాలుండవచ్చు. ఒకటి, పరీక్షల పేరుతో పాపను ఎక్కడెక్కడో చూస్తారని. పెళ్లికాని పిల్లలకు లోపలి పరీక్ష చేయం. స్కాన్ అవసరమైనా నీళ్లు తాగించి పొట్ట మీద నుంచే చూస్తాం. అత్తమ్మను కూడా తోడు తీసుకెళ్లి అదే డాక్టరు నోట ఆ మాట చెప్పించండి. డాక్టరు యూరిన్ టెస్టు రాస్తే, అందులో గర్భం పరీక్ష ఉంటే, మనసు నొచ్చుకోకండి. ఎక్కువ బ్లీడింగ్ అని వచ్చిన ఏ వయసు వాళ్లకైనా అది వరుసగా చేసే పరీక్ష. మీ పాపను అనుమానించి కాదు. రెండో భయం, ఈ సంగతి నలుగురికీ తెలుస్తుందని. స్టడీ కాగితాల మీద పేరు ఉండదు, ఒక నంబరు ఉంటుంది. పేరుకూ నంబరుకూ పొత్తు కలిపే పుస్తకం తాళం వేసిన బీరువాలో ఉండాలి. "ఆ పుస్తకం ఎవరి దగ్గర ఉంటుంది?" అని అడగండి. తడుముకోకుండా జవాబు వస్తే వాళ్లు పద్ధతిగా చేస్తున్నట్టే.

పాపతో ఒంటరిగా కొన్ని ప్రశ్నలు అడుగుతామని కూడా అంటారు. అది మీ మీద నమ్మకం లేక కాదు. ఇందులో నా తప్పే ఒకటి చెప్పాలి. పీజీ చదివే రోజుల్లో నా థీసిస్ కోసం ఆడపిల్లలను అమ్మల పక్కనే కూర్చోబెట్టి "రోజుకు ఎన్ని ప్యాడ్లు?" అని అడిగి రాసుకునేదాన్ని. చాలామంది రెండు అనేవాళ్లు. రెండంటే బ్లీడింగ్ తక్కువే కదా అని టిక్ పెట్టుకున్నాను. కొన్నాళ్లకు వాళ్లలో ఒక పిల్ల కళ్లు తిరిగి పడిపోతే అత్యవసరంగా తెచ్చారు, హిమోగ్లోబిన్ ఆరు. అమ్మ మందులకు వెళ్లినప్పుడు అడిగితే, "ప్యాకెట్ నెలకు ఒకటే కొంటారు మేడమ్, అందులో ఎనిమిదే ఉంటాయి, రెండు కంటే ఎక్కువ వాడితే తిడతారు, అందుకే పైన గుడ్డ పెట్టుకుంటా" అంది. నేను కొలిచింది రక్తాన్ని కాదు, ఆ ఇంట్లో ప్యాడ్ల మీద పెట్టగలిగిన డబ్బును. ఆ థీసిస్ అప్పటికే అయిపోయింది. ఆ పిల్ల ముఖం ఇప్పటికీ నాకు గుర్తుంది.

ఇది చదువుతున్న పీజీ పిల్లలెవరైనా ఉంటే మీకు కూడా చెబుతున్నాను. 1990లో ఇంగ్లండులో హిగమ్ అనే డాక్టరు, ఆవిడతో పనిచేసినవాళ్లు కలిసి ప్యాడ్ బొమ్మల పట్టిక ఒకటి తయారుచేశారు. ఎంత తడిసిందో బొమ్మ చూసి మార్కులు వేసుకోవాలి, వంద దాటితే ఎక్కువ బ్లీడింగ్ కింద లెక్క. మంచి పట్టికే. అయితే అది పెద్దవాళ్లకు, వాళ్ల ప్యాడ్లకు, వాళ్ల టాంపన్లకు. కొత్తపట్నం తీరంలో, ఉదయగిరి కొండ కింద గుడ్డ మడిచి పెట్టుకునే పిల్ల దగ్గరకు దాన్ని అలాగే తెలుగు చేసి తీసుకెళితే ఏం కొలుస్తుంది? ముందు పది పదిహేనుమంది పిల్లలతో కూర్చుని వాళ్లు ఏం వాడతారో, ఎన్నిసార్లు మారుస్తారో, మార్చుకోవడానికి బడిలో చోటు ఉందో లేదో తెలుసుకోండి. రక్తం గడ్డలు పడుతున్నాయా, రాత్రి నిద్రలో లేచి మార్చుకోవాల్సి వస్తోందా, పరుపు పాడైందా, బడి మానిందా, ఇవి అడగండి. ప్యాడ్ల లెక్క కంటే ఇవి ఎక్కువ నిజం చెబుతాయి.

మాటల సంగతి కూడా అంతే. "మీ ఋతుచక్రం సక్రమంగా ఉన్నదా?" అని ఫారంలో రాస్తే పిల్ల "ఉన్నది" అంటుంది, ఎందుకంటే లేదంటే తప్పేమో అనుకుంటుంది. మన వైపు కొన్ని ఇళ్లలో "బయట చేరింది" అంటారు, కొన్ని ఇళ్లలో "ముట్టు", పిల్లలు తమలో తాము "డేట్ వచ్చింది" అంటారు. ఫారం ఆ మాటల్లో ఉండాలి. "పోయిన సంక్రాంతి నుంచి ఎన్నిసార్లు వచ్చింది?" అంటే వేళ్లు మడిచి లెక్క చెబుతుంది. పెద్దమనిషైన తేదీ అడిగితే ఫంక్షన్ తేదీ చెబుతారు. పెళ్లంత హంగామాగా చేస్తారు కాబట్టి కార్డు, ఫోటోలు అన్నీ ఉంటాయి, తేదీ బాగానే దొరుకుతుంది. కానీ ముహూర్తం కోసమో, మేనమామ ఊరి నుంచి రావాలనో ఒక్కోసారి వారాలు, నెలలు జరుపుతారు. ఫంక్షన్‌కు ముందు ఎన్ని రోజులకు అయింది అని రెండో ప్రశ్న ఉండాలి. ఇంకోటి, తిరుమల వెళ్లాలనో ఇంట్లో పెళ్లనో నెలసరి వాయిదా వేసే మాత్రలు మందుల షాపులో అడిగి తెచ్చి పిల్లలకు కూడా ఇస్తున్నారు. ఆ మాత్రలు ఆపాక వచ్చే బ్లీడింగ్‌ను జబ్బుగా రాసుకున్న కాగితాలు నేను చూశాను. అడగనిదే ఎవరూ చెప్పరు. అమ్మా, మీరు అలాంటివి పాపకు ఎప్పుడైనా ఇచ్చి ఉంటే డాక్టరుకు చెప్పండి. ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఈ వయసు పిల్లల గురించి మనకు తెలిసింది చాలా తక్కువ, వాళ్ల మీద వేసే పేర్లేమో చాలా పెద్దవి. ఉదాహరణకు పీసీఓడీ, అంటే అండాశయాల్లో నీటిబుడగల జబ్బు అని చెప్పేది. పద్నాలుగేళ్ల పిల్లకు స్కాన్ తీసి, అండాశయంలో చిన్న చిన్న నీటిబుడగలు కనబడ్డాయని పీసీఓడీ రాసేస్తారు. ఈ వయసులో ఆరోగ్యంగా ఉన్న పిల్లల అండాశయాలు కూడా అలాగే కనబడతాయి. అందుకే పెద్దమనిషైన ఎనిమిదేళ్ల లోపు స్కాన్ చూసి ఆ పేరు పెట్టవద్దని 2018లో అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి, 2023లో మళ్లీ చెప్పాయి. నెలసరి హద్దు దాటి ఉండాలి, మగ హార్మోను ఎక్కువైన గుర్తులు అంటే ముఖం మీద ముదురు వెంట్రుకలు, గట్టి మొటిమలు, లేదా రక్తపరీక్షలో ఆ హార్మోను ఎక్కువ కనబడడం, ఇవీ ఉండాలి. రెండూ ఉంటేనే ఆ పేరు. ఒకటే ఉంటే "చూద్దాం" అని రాసుకుని కొన్నేళ్లు గమనిస్తాం. ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది? వేలమంది ఆడపిల్లలు తమ నెలసరి లెక్కలు, ఒక చెంచా రక్తం ఇస్తే వచ్చింది. మన పిల్లలు అందులో చాలా తక్కువమంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో పదిహేను నుంచి పందొమ్మిదేళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. అందులో తిండి వల్ల ఎంత, నులిపురుగుల వల్ల ఎంత, ఎవరూ అడగని నెలసరి వల్ల ఎంత? ఊరి పిల్లలను అడగకుండా ఇది తేలదు.

ఇలా అడగడం వల్ల మన నేలకు మేలు జరిగిన సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పొచ్చు. నడుములు వంగిపోవడం, పళ్లు గారపట్టడం మన మెట్ట ప్రాంతంలో తరతరాలుగా తలరాత అనుకున్నారు. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో పరిశీలించి, అది తాగే నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు అని రాశారు. దేశంలో ఆ జబ్బును గుర్తించింది మన దగ్గరే మొదలు. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లావే, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లాయి. ఆ రోజు ఆ ఊళ్లవాళ్లు తమ ఎముకలు, తమ నీళ్లు చూపించకపోతే అది ఇంకెన్నాళ్లు తలరాతగానే ఉండేదో.

ఇక మీరడిగింది. మీరు చెప్పినట్టే స్టడీ అయితే, ఫారంలో నేను చెప్పినవి ఉంటే, వైద్యం దాంతో ముడిపెట్టకుండా మొదలుపెడితే, నా కూతురైతే నేను సంతకం పెడతాను. కానీ పాప ఒప్పుకున్న తర్వాతే.

పాప ఏమీ మాట్లాడదని రాశారు. మాట్లాడకపోవడాన్ని సరే అన్నట్టు తీసుకోకండి. అందరి ముందూ, నాన్న కోపంగా ఉన్నప్పుడు, నానమ్మ పెళ్లి మాట ఎత్తినప్పుడు ఏ పిల్ల మాట్లాడుతుంది? ఆసుపత్రి వాళ్లను పిల్లల కోసం తెలుగులో రాసిన ఫారం విడిగా అడగండి, అది ఉండి తీరాలి. ఇంటికి తెచ్చి పాప చేతికివ్వండి. తొమ్మిదో తరగతి పిల్ల, తనే చదువుకుంటుంది. రెండు రోజులు తన దగ్గరే ఉండనివ్వండి. తర్వాత మీరిద్దరే ఉన్నప్పుడు, జడ వేస్తూనో, మిద్దె మీద బట్టలు తీస్తూనో, "ఏమనిపించింది?" అని ఒక్క మాట అడిగి ఆగండి. సూదంటే భయమేమో, బడిలో తెలుస్తుందనేమో, ఆ కాగితంలో రక్తం సంగతులు రాయాలంటే సిగ్గేమో. ఏది చెప్పినా దాన్ని కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గర పాప చేతే అడిగించండి. వద్దంటే వద్దే. మీ ఆయనతో ఆ మాట మీరు చెప్పండి, పాప చేత చెప్పించకండి.

రక్తపరీక్ష మాత్రం రేపే. పరగడుపున వెళ్లక్కర్లేదు, బడికి వెళ్లేముందు చేయించుకోవచ్చు. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు ఎంత వచ్చాయో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.